నడిచెరువులో చుక్క

చిరంజీవి గుండ్రాయికి,
మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ వారంగా ముసురు. చెరువు అవతలి ఒడ్డు కనిపించడం లేదు. ఇవాళ పడవ తీయలేదు. పొద్దున లాడ్జి మెట్లకు పట్టిన పాచి గీకాను. రెండో గదిలో కారుతున్న చోట గిన్నె పెట్టాను. మీ అత్తయ్య వసారాలో తాడు కట్టి దుప్పట్లు ఆరేసింది. మొన్న బస్సు వచ్చింది. డ్రైవరు నీ సంచి, నీ ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు.

నిన్ను చివరిసారి చూసినప్పుడు మీ అమ్మ చంకలో ఉన్నావు. గుండ్రంగా, బరువుగా ఉండేదానివి. ఎత్తుకున్నవాళ్ళు కాసేపటికే ఇంకొకరికి అందించేవాళ్ళు. అందుకే గుండ్రాయి అన్నాం. ఇప్పుడు ఆఫీసు ముద్ర వేసిన ఉత్తరం రాసేంతదానివయ్యావు. సంతోషం.

బిళ్ళలు అందాయి. కోటు గుండీ కంటే కాస్త పెద్దవి. నువ్వు రాసినట్టే గది తాళంతోపాటు మనిషికొకటి ఇస్తున్నాను. "ఇది చొక్కాకి తగిలించుకుంటే మీరు ఎక్కడెక్కడ తిరిగారో పట్నంలో ఆఫీసువాళ్ళకి తెలుస్తుంది, ఇష్టమైతేనే తీసుకోండి" అని చెప్పే ఇస్తున్నాను. ఎక్కువమంది తీసుకున్నారు. ఒకావిడ "మా ఆయనకి రెండు ఇవ్వండి" అంది. తిరిగిన దారులు నమోదైన బిళ్ళల్ని ప్రతి వారం బస్సులో పంపుతాను. నువ్వు వాటిలోది చూసుకుని తిరిగి పంపు.

ఒక సందేహం. టూరిస్టులు ఎక్కడికి వెళ్ళారో తెలియడానికి ఇంత ఏర్పాటు దేనికి? సాయంత్రం వసారాలో కూర్చుని వాళ్ళే చెప్తారు. వద్దన్నా చెప్తారు.

ఇట్లు
మీ మామయ్య

తా.క. బిళ్ళకు దారి చెప్పేది ఆకాశంలో తిరిగే ఉపగ్రహం అని రాశావు. నా ఫోనుకు గుట్ట అవతలి టవరే అందదు. మాట్లాడాలంటే గుట్టెక్కాలి, అందుకే ఉత్తరం. ఆ ఉపగ్రహం ఎలాగూ ఇటు వస్తోంది కాబట్టి నా ఫోను సంగతి కూడా చూడమను.

*

గౌరవనీయులైన మామయ్యకు,
మేనకోడలి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మనవి. కవరు మీద "గుండ్రాయి గారు, టూరిజం అధ్యయన విభాగం" అని రాశారు. అటెండరు హాలు మధ్యలో నిలబడి "గుండ్రాయి గారెవరండీ?" అని కేకేశాడు. అందరూ ఏమాత్రం ఆలోచించకుండా నా వైపే చూశారు.

మీ సందేహానికి జవాబు. మనుషులు నోటితో ఒకటి చెప్తారు, కాళ్ళతో ఇంకోటి చేస్తారని మా పై అధికారి అంటారు. కాళ్ళనే నమ్మాలట. బిళ్ళ ఉన్న మనిషి మా పటంలో ఒక చుక్క. చుక్క ఎక్కడ ఎంతసేపు ఆగిందో చూసి, ఆ చోటు విలువ కడతాం.

ఇది ఊరికే చేసే పని కాదు మామయ్యా. చెరువు చుట్టూ రోడ్డు వేశారు కదా. ఇక రేవు అక్కర్లేదు, పూడ్చి కార్లు నిలుపుకునే చోటు చేద్దాం అని ఒక ప్రతిపాదన ఉంది. రేవు దగ్గర చుక్కలు ఆగకపోతే అదే జరుగుతుంది. రేవు పోతే మీ పడవ లైసెన్సు కూడా పోతుంది. నేను మీ తరఫున ఒక్క చుక్క కూడా అటూ ఇటూ జరపలేను. మీరూ జరపవద్దు.

మొదటి వారం పటం వచ్చింది. ముసురు తగ్గిన రోజున టూరిస్టులందరూ మీ లాడ్జి వెనక ఒకే వరసలో, పక్కపక్కనే, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా కదలకుండా ఉన్నారు. వాళ్ళు ఎండ కాగుతున్నారని మా అధికారి తేల్చారు. అక్కడ వాలు కుర్చీలు వేయించడానికి నోట్ కూడా సిద్ధం చేశారు. నిజమేనా?

ఇట్లు
మీ మేనకోడలు

తా.క. మీ చిరునామా అమ్మ ఇచ్చింది, నాన్నకు తెలియకుండా. నిన్న ఇంట్లో బల్ల మీద చెరువు పటం, రేవు ప్రతిపాదన పెట్టుకుని చూస్తుంటే నాన్న వచ్చారు. ఒక్క నిమిషం చూశారు. కాగితం తిరగేసి వెళ్ళిపోయారు. మీ ఇద్దరికీ ఇంత కోపం దేనికి మామయ్యా?

*

చిరంజీవి గుండ్రాయికి,
మామయ్య ఆశీస్సులు.

ఎండ కాస్తోంది. పడవ ఒడ్డుకు లాగి అడుగున తారు పూశాను. చేతులకు ఇంకా పోలేదు, కాగితం మీద మరకలు అవే.

కుర్చీలు వద్దని చెప్పు. లాడ్జి వెనక ఎండ కాగింది టూరిస్టులు కాదు, వాళ్ళ చొక్కాలు. ముసురులో గుట్టెక్కి జారిపడి అందరూ బురద పూసుకొచ్చారు. మీ అత్తయ్య జాలిపడి బట్టలన్నీ ఉతికి తాడు మీద ఆరేసింది. బిళ్ళలు చొక్కాలకే ఉన్నాయి. మనుషులు గదుల్లో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు.

తడిసిన బిళ్ళల్ని అత్తయ్య బియ్యం డబ్బాలో పెట్టింది, చెమ్మ లాగుతుందని. కాబట్టి ఈసారి టూరిస్టులందరూ మా వంటింట్లో ఒకరి మీద ఒకరు పడి ఉన్నట్టు కనిపిస్తే కంగారుపడవద్దు.

కొత్తగా నాలుగో గదిలో ఒకాయన దిగాడు. ఒంటరి మనిషి. అడగకముందే పదిహేడో నంబరు బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. కాఫీలో చక్కెర తక్కువైందని మొహంతోనే చెప్తాడు. రోజూ పడవెక్కుతున్నాడు. తిరిగేవాళ్ళలో ఈయనొక్కడే మీ లెక్కకు పనికొచ్చేలా ఉన్నాడు.

కోపం సంగతి మళ్ళీ రాస్తాను. కొంచెం పెద్ద కథ.

ఇట్లు
మీ మామయ్య

తా.క. కవరు మీద గుండ్రాయి అని రాయలేదు చూడు. "మా మేనకోడలు గారు" అని రాశాను.

*

గౌరవనీయులైన మామయ్యకు,
నమస్కారాలు.

"మా మేనకోడలు గారు ఎవరండీ?" అని అటెండరు మళ్ళీ కేకేశాడు. దీనికంటే గుండ్రాయే నయం.

మీ ఉత్తరం వచ్చేలోపే మా అధికారి బియ్యం డబ్బా చుక్కలు చూసేశారు. "టూరిస్టులకు మన వంటిళ్ళంటే ఎంత ఆసక్తి!" అని పొంగిపోయారు. తర్వాత నేను విషయం చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పదిహేడు.

మిగతా చుక్కలన్నీ ఒకటే తీరు. బస్సు దిగుతాయి, గుట్ట మీద ఫొటో దిగుతాయి, తింటాయి, పడుకుంటాయి, పోతాయి. పదిహేడు అలా కాదు. పొద్దున్నే రేవు మెట్ల మీద చాలాసేపు ఆగుతుంది. అక్కడి నుంచి పాత బజారులోకి వెళ్తుంది. మూసేసిన క్షౌరశాల ముందు ఆగుతుంది. బడి గోడ పక్కన ఆగుతుంది. ఎప్పుడో వాడకం మానేసిన టికెట్ల గది చుట్టూ తిరిగొస్తుంది. ఆ చోట్లు మా పటంలో అసలు లేవు, పాత పటం తెప్పించి చూడాల్సి వచ్చింది. మా అధికారి గోడకు ఆ దారి ఎర్ర దారంతో కట్టించారు. "టూరిస్టంటే ఇలా ఉండాలి!" అని అందరికీ చూపిస్తున్నారు.

కానీ మధ్యాహ్నం అయ్యేసరికి పదిహేడు సరిగ్గా నడిచెరువులోకి వెళ్ళి ఆగిపోతుంది. సాయంత్రం దాకా కదలదు. రోజూ అంతే. అక్కడ ఏముంది? మునిగిపోయిన కట్టడమా? అరుదైన పక్షులా? అక్కడ నీళ్ళ మీద తేలే వేదిక కట్టి, పైన కాఫీ దుకాణం పెట్టి, అక్కడికి ఇంజను పడవలు నడపాలని మా అధికారి ఆలోచన. అదే జరిగితే తెడ్డు పడవకు చోటుండదు.

నాకింకో భయం ఉంది. తప్పుగా అనుకోవద్దు. ఆ బిళ్ళను మీరే జేబులో వేసుకుని తిరగడం లేదు కదా? అలాగైతే నా ఉద్యోగమూ పోతుంది, మీ రేవూ పోతుంది. నిజం చెప్పండి.

ఇట్లు
మీ మేనకోడలు

తా.క. ఇంట్లో అమ్మా నేనే ఉన్నాం. నాన్న కళ్ళు చూపించుకోవడానికి స్నేహితుడి ఊరు వెళ్ళారు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేశారు. ఒకటే ఆయాసం. ఏమిటంటే ఆస్పత్రి మెట్లెక్కి వచ్చాను అన్నారు. కంటి ఆస్పత్రికి అన్ని మెట్లెందుకో, చూపు లేనివాళ్ళు ఎలా ఎక్కుతారో నాకు అర్థం కాలేదు.

*

చిరంజీవి గుండ్రాయికి,
ఆశీస్సులు.

గాలి ఎక్కువగా ఉంది. పడవ ఒకసారే తీశాను. ఒకటో గదిలో కొత్త దంపతులు దిగారు. బిళ్ళలు తీసుకోలేదు. ఎక్కడికీ వెళ్ళరు కాబట్టి మీకు నష్టం లేదు.

బిళ్ళ నా జేబులో లేదు. నాలుగో గది ఆయన జేబులోనే ఉంది. చీటీ రాయించుకుని దిగాడు, రోజూ తన కాళ్ళతోనే తిరుగుతున్నాడు. అబద్ధం చెప్పే వయసు దాటిపోయింది నాకు. నడిచెరువులో ఏముందన్నావు. నీళ్ళున్నాయి. వేదిక మాత్రం వద్దని చెప్పు. వేదిక కడితే ఆయన ఇక రాడు.

కోపం సంగతి అడిగావు కదా, రాస్తాను.

ఈ పడవ నేనూ మీ నాన్నా కలిసి కొన్నది. అప్పట్లో బస్సు రేవు దగ్గరే ఆగేది. దిగినవాళ్ళు దిగినట్టు పడవెక్కేవాళ్ళు. టికెట్ల గదిలో మీ అమ్మ కూర్చునేది, పక్కన తొట్టిలో నువ్వు. ముందు తెడ్డు మీ నాన్నది, వెనక తెడ్డు నాది. ఆయన కూర్చున్నవాళ్ళకు కబుర్లు చెప్పేవాడు, సగం కోతలు. చెరువు అడుగున ఒక గంట ఉందనీ, గాలి లేనప్పుడు నీళ్ళకు చెవి ఆనిస్తే మోగడం వినిపిస్తుందనీ చెప్పేవాడు. పిల్లలూ పెద్దలూ అందరూ ఒక పక్కకు వంగేవాళ్ళు. పడవ ఒరిగిపోకుండా నేను ఇంకో పక్కన కూర్చోవాల్సి వచ్చేది. వినిపించిందని కొందరు అనేవాళ్ళు కూడా.

తర్వాత మీ నాన్న ఇంజను పెట్టిద్దామన్నాడు. "ఆ చప్పుడులో నీ కబుర్లు ఎవడు వింటాడు బావా?" అన్నాను. "నా కబుర్లంటే నీకు ఏడుపు" అన్నాడు. "కబుర్లు చెప్తూ తెడ్డు వేయడం మానేసేది ఎవరు?" అన్నాను. మాటా మాటా పెరిగింది. చివరికి రేవు మీద అందరి ముందూ మట్టిని కాలితో తన్ని, "ఈ ఊరి మట్టి మీద నిలబడి నీతో మళ్ళీ ఒక్క మాట మాట్లాడితే నేను మనిషినే కాదు" అన్నాడు. నేనూ తన్ని, నేనూ అంతే అన్నాను. అదే వారం మిమ్మల్ని తీసుకుని పట్నం బస్సెక్కాడు. మీ అమ్మ కిటికీలోంచి నావైపు చూసింది. నువ్వు నిద్రపోతున్నావు.

అంతే. అంతకంటే ఏమీ లేదు. ఉంటే బాగుండేది.

ఇట్లు
మీ మామయ్య

తా.క. నాలుగో గది ఆయనకు నా తెడ్డు పట్టు నచ్చడం లేదు. డబ్బిచ్చి ఎక్కినవాడు కూర్చోవాలి గానీ నేర్పకూడదు.

*

గౌరవనీయులైన మామయ్యకు,
నమస్కారాలు.

కొంప మునిగింది.

మీ ఉత్తరం బల్ల మీద పెట్టి టీకి వెళ్ళాను. వచ్చేసరికి మా అధికారి నిలబడి చదువుతున్నారు. మిగతాదంతా వదిలేసి ఒకే వాక్యం పట్టుకున్నారు. చెరువు అడుగున గంట! "పదిహేడో నంబరు రోజూ అక్కడ ఆగేది అందుకే. ఆయన గంట వింటున్నాడు" అన్నారు. అది మా నాన్న కోసిన కోత అని ఎంత చెప్పినా వినరు. మనుషులు నోటితో ఒకటి చెప్తారు, కాళ్ళతో ఇంకోటి చేస్తారు అని నాకే పాఠం చెప్పారు. ఇప్పుడు మా నాన్న అబద్ధానికి ఆఫీసులో ఒక ఫైలు ఉంది. ఫైలుకు నంబరు కూడా ఇచ్చారు.

శనివారం ఆయన స్వయంగా వస్తున్నారు. పదిహేడుతోపాటు మీ పడవ ఎక్కి, నడిచెరువుకు వెళ్ళి, అక్కడేముందో చూసి, అక్కడికక్కడే తేల్చేస్తారట. వేదిక కట్టి ఇంజను పడవలు నడపడమా, రేవు పూడ్చడమా, లేక ఉన్నది ఉన్నట్టు ఉంచడమా. నన్ను ఆఫీసులోనే ఉండమన్నారు. మామయ్యా, ఆయన అడిగినదానికి మెల్లగా, మర్యాదగా జవాబు చెప్పండి. ఇంజనుల గురించి వాదన పెట్టుకోవద్దు. ఒక వాదనకే మనింట్లో ఇంతైంది.

ఆ పదిహేడు ఎవరో గానీ ఆయన మీదే ఆధారపడి ఉంది అంతా. కాఫీలో చక్కెర ఎక్కువ వేయమని అత్తయ్యకు చెప్పండి.

ఇట్లు
మీ మేనకోడలు

తా.క. నాన్న ఈ ఆదివారమూ ఫోన్ చేశారు. వెనక కప్పలు అరుస్తున్నాయి. అడిగితే, వైద్యుడికి పెంచుకునే అలవాటుంది అన్నారు. అమ్మ పక్క గదిలోకి వెళ్ళి నవ్వుతోంది. ఈ ఇంట్లో నాకెవరూ ఏదీ చెప్పరు.

*

చిరంజీవి గుండ్రాయికి,
మామయ్య ఆశీస్సులు.

గాలి లేదు. చెరువు అద్దంలా ఉంది. పొద్దున పడవ కడిగాను, చుక్కాని దగ్గర మేకు మార్చాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మీ అధికారి శనివారం వచ్చారు. మనిషి మంచివాడే. బూట్లతో పడవ ఎక్కబోతే విప్పమన్నాను, విప్పాడు. పదిహేడో నంబరు ఆయన ముందు కూర్చున్నాడు, మీ అధికారి మధ్యలో, నేను వెనక. నడిచెరువుకు వెళ్ళి తెడ్డు పైకి తీశాను. మేమిద్దరం ఒక్క మాట మాట్లాడలేదు. మూడో మనిషి ముందు మాట్లాడే మాటలు కావు మావి.

చాలాసేపయ్యాక మీ అధికారే ఉండబట్టలేక, "ఇక్కడ గంట వినిపిస్తుందట, నిజమేనా?" అని అడిగాడు.

నేను లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా ముందు కూర్చున్న మనిషి మొదలుపెట్టేశాడు. గంట ఎప్పటిది, ఎలా పడింది, ఎవరు ఎత్తబోయారు, ఎందుకు ఎత్తలేకపోయారు. పాత కథే. ఒక్క మాట మరిచిపోలేదు. పైగా రెండు కొత్తవి కలిపాడు. "చప్పుడు ఉండకూడదండీ, ఊపిరి కూడా ఆపుకోవాలి" అన్నాడు. మీ అధికారి వంగి నీళ్ళకు చెవి ఆనించాడు. కళ్ళద్దాలు జారి చెరువులో పడ్డాయి. అయినా లేవలేదు. నేను అలవాటుగా ఇంకో పక్కకు జరిగి కూర్చున్నాను.

లేచాక, వినిపించింది అన్నాడు.

ఒడ్డుకు రాగానే వేదిక వద్దన్నాడు. ఇంజనుల పేరే ఎత్తవద్దన్నాడు. చప్పుడుకు గంట వినిపించదట. తెడ్డు పడవే ఉండాలి, రేవు ఉండాలి, టికెట్ల గదికి సున్నం వేయించాలి అని మెట్ల మీద కూర్చుని రాసేసుకున్నాడు. ఇంజను కావాలని ఊరు వదిలి వెళ్ళిన మనిషే ఈ చెరువులోకి ఇంజను రాకుండా చేశాడు.

అర్థమైంది కదా. పదిహేడో నంబరు మీ నాన్న.

ఆ రోజు నీ బల్ల మీద కాగితం తిరగేసింది కోపంతో కాదట. వెనకవైపు ఇంకేం రాసుందో చదవడానికట. రేవు పూడుస్తారని చదివాడు. చుక్క ఆగకపోతే పోతుందని ఉంది కదా, అయితే పోయి ఆగుదాం అనుకున్నాడు. అదీ ఆయన కంటి జబ్బు. సంచి సర్ది, దారికి రొట్టెలు కట్టి, స్నేహితుడి పేరు కూడా చెప్పి పంపింది మీ అమ్మ. ఆయన ఆదివారాలు ఎక్కిన మెట్లు మా గుట్టవి.

వచ్చిన రోజు నా ఎదురుగా నిలబడి చీటీ రాయించుకున్నాడు. ఇద్దరం నోరు విప్పలేదు. అందరి ముందూ మట్టి తన్ని అన్న మాట కదా, ఇద్దరికీ గుర్తుంది. మర్నాడు పడవెక్కాడు. నడిచెరువుకు వచ్చాక నీళ్ళ వైపు చూస్తూ, "తెడ్డు అలాగేనా పట్టుకునేది?" అన్నాడు. అక్కడ మట్టి లేదు మరి. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అవ్వగానే అక్కడికి పోయి మాట్లాడుకునేవాళ్ళం. ఎక్కువ భాగం పోట్లాటే. ఇన్నేళ్ళది మిగిలి ఉంది. ఒడ్డుకు రాగానే ఎవరి దారి వారిది. మీ అత్తయ్య మా ఇద్దరినీ చూసి తలకాయ కొట్టుకునేది.

నీకు చెప్పవద్దని మాట తీసుకున్నాడు. "అది ఆఫీసు పని, దాని చేతికి మసి అంటకూడదు" అన్నాడు. అందుకే రాయలేదు. నువ్వు అడిగినప్పుడు అబద్ధమూ రాయలేదు, ఉత్తరాలు తీసి చూసుకో.

గంట లేదని మీ అధికారికి చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించుకో. నేను ఇన్నేళ్ళుగా ఈ చెరువులో తెడ్డు వేస్తున్నాను, నాకెప్పుడూ వినిపించలేదు. చెవి ఆనించి చూడనూ లేదు.

నిన్న బస్సు దగ్గరకు సంచి పట్టుకుని వెళ్ళాను. ఆయన నా వైపు చూడకుండా నడిచాడు. ఫుట్‌బోర్డు మీద రెండు కాళ్ళూ పెట్టాక వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా, "బావా, ముందు తెడ్డు కట్టు వదులైంది, బిగించు" అన్నాడు. నేను కింద మట్టి మీద ఉన్నాను కాబట్టి తలూపాను.

కట్టు బిగించాను.

ఇట్లు
మీ మామయ్య

తా.క. పదిహేడో నంబరు బిళ్ళ ఇక్కడ లేదు, జేబులో పెట్టుకునే వెళ్ళినట్టున్నాడు. చొక్కా తడిపే ముందు చూడమని మీ అమ్మకు చెప్పు. మీ అధికారి ఆదివారం సాయంత్రం బస్సుకు వెళ్ళారు, కళ్ళద్దాలు చెరువులోనే ఉన్నాయి. ఒకటో గది దంపతులు సోమవారం వెళ్ళారు. మీ నాన్న నిన్న పొద్దున ఏడు గంటల బస్సుకు వెళ్ళాడు.